సాక్షి సీసా

మా ఇంట్లో నెలకొక రోజు కాఫీ వాసన రాకూడదు. అది రెండో మంగళవారం. ఆ రోజుకు మా ఆవిడ పెట్టుకున్న పేరు నీళ్ళ రోజు. సోమవారం మధ్యాహ్నానికే కాఫీ పొడి డబ్బా మూతకు టేపు పడుతుంది. దోమల క్రీము బంద్. తలకు రంగు బంద్. సెంటు, చేతుల క్రీము, జలుబు చేస్తే ముక్కుకు పట్టించుకునే మందు, అన్నీ బంద్. మరి దోమలు కుడితేనో అని మొదటి నెలలో అడిగాను. కుడితే కుట్టించుకోండి, కుట్టడం మీకేమైనా కొత్తా అంది. నేను టైలర్‌ని లెండి. పదిహేనేళ్ళుగా నెలకొక రోజు దోమలకు నన్ను వదిలేసింది మహాతల్లి.

ఇంతకీ ఆవిడ ఉద్యోగం చెప్పలేదు కదూ. నదిలో నీళ్ళు పట్టి ల్యాబుకు చేర్చడం. వినడానికి ఇంతే. ఆ నీళ్ళలో ఏయే మందులు ఎంతెంత ఉన్నాయో ల్యాబులో కొలుస్తారు. మనం మింగిన మాత్ర మొత్తం ఒంట్లోనే ఉండిపోదట. మిగిలింది బాత్రూములోంచి కాలువలోకి, కాలువలోంచి మురుగునీటి శుద్ధి కేంద్రానికి, అక్కడ కూడా పట్టుబడనిది నేరుగా నదిలోకి. జ్వరం మాత్ర, బీపీ మాత్ర, నిద్రమాత్ర, ఏదీ తప్పదు. ఊళ్ళో ఎవరికే జబ్బుందో డాక్టర్లకంటే నదికే బాగా తెలుసంటుంది మా ఆవిడ. పిల్లల పరీక్షల నెలలో తలనొప్పి మందు పెరుగుతుందని చెబితే నేను నవ్వాను. మర్నాడు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పెరిగింది.

మందు ఉందంటే సరిపోదు, దానివల్ల ఎంత ముప్పో తేల్చాలి. అదే వాళ్ళ అసలు పని. నీళ్ళలో ఉన్న మందును, చేపలూ నాచూ నత్తలూ తట్టుకోగల హద్దుతో భాగిస్తారు. జవాబు ఒకటి కంటే తక్కువ వస్తే ఫరవాలేదు. ఒకటి దాటితే ముప్పే. నాకిది చిటికెలో అర్థమైంది. నడుము కొలతను ప్యాంటు కొలతతో భాగించండి. ఒకటి దాటిందా, ఎక్కడో ఒకచోట గుండీ ఎగిరిపోతుంది. ఈ మాట చెబితే మా ఆవిడ ముచ్చటపడి ల్యాబులో అందరికీ చెప్పింది. ఇప్పుడు వాళ్ళ ల్యాబులో ఏదైనా మందు ఒకటి దాటితే "గుండీ ఎగిరింది" అంటారట. నా వల్ల సైన్సుకు జరిగిన మేలు అదొక్కటే. కీడు సంగతి ముందుంది, చెబుతాను.

ఆవిడ మొదట్లో నీళ్ళు పట్టే మనిషి కాదు. అదే ల్యాబులో గాజుసామాను కడిగేది. నాకు పరిచయమైంది అప్పుడే. ఏప్రన్ కుట్టించుకోవడానికి వచ్చింది. కుట్టిచ్చాను. మర్నాడు తెచ్చి బల్లమీద పడేసి, జేబు అంచున నూలుపోగులు రాలుతున్నాయి, నా సీసాల్లో పడితే ఎవరు జవాబు చెబుతారంది. అంచు మడిచి మళ్ళీ కుట్టాను. మళ్ళీ తెచ్చింది. మూడోసారికి నాకు ఒళ్ళు మండి, అసలు జేబే లేకుండా కుట్టి ఇచ్చాను. అది చూసి హాయిగా నవ్వింది, ఇదే కావాలి నాకు, ముందే ఈ బుద్ధి పుట్టలేదేమని అడిగింది. ఆ నవ్వుకు పడిపోయి ఆర్నెల్లు తిరిగి పెళ్ళి చేసుకున్నాను. పెళ్ళయ్యాక నా చొక్కాలకు కూడా నూలుపోగులు లేకుండా పోయాయి.

పదకొండేళ్ళు సీసాలు కడిగాక, ఒకరోజు నీళ్ళు పట్టే మనిషి రాకపోతే ఈవిణ్ణి పంపారు. ఇక ఆవిడ కడుగుడు పనిలోకి వెనక్కి రాలేదు. మోకాలి పైదాకా వచ్చే రబ్బరు బూట్లు, చేతులకు గ్లౌజులు, ఐసుపెట్టె, గోధుమరంగు గాజుసీసాలు. నీటి ప్రవాహానికి ఎదురుగా నిలబడాలి. మన ఒంటిమీది చెత్త వెనక్కి కొట్టుకుపోవాలి కానీ సీసాలోకి రాకూడదు. సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపాలి. పై వంతెన దగ్గరొకటి, ఆసుపత్రి కాలువ కలిసే చోట ఒకటి, కింది వంతెన దగ్గరొకటి. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా, వానకు గట్టు జారినా వరస తప్పదు. ల్యాబులో ఆవిణ్ణి సీసాలక్క అంటారు. ఇప్పుడు ల్యాబుకు పెద్దగా ఉన్న మేడమ్ కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో సీసా పట్టుకోవడం ఈవిడ దగ్గరే నేర్చుకుంది.

ఇక సాక్షి సీసా. అదే ఈ కథకు మూలం. నీళ్ళ రోజున ఒక సీసా నిండా ల్యాబులో తయారుచేసిన స్వచ్ఛమైన నీళ్ళు పట్టుకెళతారు. అందులో ఏ మందూ ఉండదు. నది ఒడ్డున, మిగతా సీసాలు నింపిన చోటే, అదే చేతులతో మూత తీసి, ఆ నీళ్ళను ఇంకో సీసాలోకి వంపి, మూత పెట్టి తెస్తారు. దాన్నీ కొలుస్తారు. అందులో ఏమీ కనబడకూడదు. కనబడిందంటే అది నది నుంచి వచ్చింది కాదు, పట్టిన మనిషి నుంచి వచ్చింది. ల్యాబులో కొలిచే యంత్రానికి ఎంత చురుకైన ముక్కంటే, పొద్దున తాగిన కాఫీని కూడా పసిగడుతుంది. అందుకే మా ఇంట్లో టేపు. పదిహేనేళ్ళలో, నూటడెబ్భై పైచిలుకు నీళ్ళ రోజుల్లో, ఈ కథ జరిగేదాకా మా ఆవిడ సాక్షి ఎప్పుడూ నోరు విప్పలేదు.

ఇక నా మెడ. ముప్పై ఏళ్ళు తల వంచి కుట్టు మిషను ముందు కూర్చుంటే మెడ ఎంతకని ఓర్చుకుంటుంది? మెడ నుంచి కుడి భుజానికి, భుజం నుంచి బొటనవేలిదాకా ఒకటే లాగుడు. డాక్టరు ఒక ఆయింట్‌మెంటు రాశాడు. రాసుకుంటే ప్రాణం లేచొచ్చినట్టుండేది. రెండో రోజే మా ఆవిడ ట్యూబు మీది చిన్న అక్షరాలు చదివింది. డైక్లోఫెనాక్. అది వాళ్ళు కొలిచే మందుల్లో మొదటి వరసలో ఉంది. చేపల మొప్పలకూ మూత్రపిండాలకూ అది పడదట. పైగా ఏడాది పొడవునా కింది వంతెన దగ్గర గుండీ ఎగరగొడుతున్నది ఆ మందే. ఇది తువ్వాలుకు అంటుతుంది, గడియకు అంటుతుంది, అక్కడినుంచి నా చేతికి అంటుతుంది, ఈ ఇంట్లో ఇది వద్దంది. వేడినీళ్ళ సంచి తెచ్చి ఇచ్చింది. సరే మానేస్తానని మాటిచ్చాను.

మానలేదు. ట్యూబును షాపుకు చేర్చి గుండీల డబ్బాలో దాచాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసుకోవడం, షాపు వెనక సింకులో చేతులు కడుక్కోవడం, బుద్ధిమంతుడిలా ఇంటికి రావడం. చేతులు కడుక్కుంటున్నాను కదా, దోషమేముంది అనుకున్నాను. కాస్త కోపం కూడా ఉండేది. నదిలో చేపల మూత్రపిండాల గురించి ఇంత ఆలోచించే మనిషి నా మెడ గురించి ఓ వేడినీళ్ళ సంచితో సరిపెట్టిందే అని. ఇలా ఏడాది గడిచింది.

మా ఆవిడకు ఇంకా ఎనిమిది నెలల సర్వీసుందనగా నాకొక ముచ్చట పుట్టింది. ఐసుపెట్టెలో సీసాలు ఒకదానికొకటి తగిలి టంగుటంగుమంటుంటాయి, ఒకసారి ఒకటి పగిలింది కూడా. సీసాకొక తొడుగు కుట్టి ఇస్తే బాగుంటుందనిపించింది. మంచి నూలుగుడ్డ కొన్నాను, నాలుగుసార్లు ఉతికాను. అంచులు లోపలికి మడిచి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా ఎనిమిది తొడుగులు చేత్తోనే కుట్టాను. వారం పట్టింది. ఏప్రన్ తిరగ్గొట్టిన ఆ మనిషి ఒక్కో తొడుగునూ వెలుతురుకు పట్టి చూసింది. ఏ వంకా దొరకలేదు. "మీరు కుట్టినవాటిల్లో ఇదే మొదటి తరగతి" అంది. ఆ పూట నేను నేలమీద నడవలేదు.

ఆ తొడుగులతో రెండు నీళ్ళ రోజులు గడిచాయి. మూడో నెల మొదటి వారంలో, ఒక గురువారం సాయంత్రం, మా ఆవిడ ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా కుర్చీలో కూలబడింది. టీ ఇస్తే చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చుంది. మెల్లగా అడిగితే చెప్పింది. రెండు నెలల సాక్షి సీసాలూ నోరు విప్పాయి. రెండింటిలోనూ డైక్లోఫెనాక్.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే నా భుజం మీదికి పోయింది. ఆవిడ చూడలేదు. తన చేతులకేసి చూసుకుంటోంది.

మిగతాదంతా ఆ సాయంత్రమే చెప్పింది. ఆ రెండు నెలల అంకెలూ కొట్టేశారు. పక్కన "సేకరణలో లోపం" అని రాశారు. అది రాసింది ఎవరో కాదు, ఈవిడ దగ్గర సీసా పట్టుకోవడం నేర్చుకున్న ఆ మేడమే. తప్పదక్కా అందట. అంతటితో పోతే బాగుండు. కింది వంతెన లెక్క చూసి శుద్ధి కేంద్రంలో ఇంకో వడపోత పెట్టాలా వద్దా అని కమిటీ ఈ ఏడాది తేలుస్తుంది. ఈ రెండు నెలలు చేతులు శుభ్రంగా లేవంటే, మిగతా పది నెలలు ఉన్నాయని నమ్మకమేమిటని కమిటీలో ఒకాయన అప్పుడే అడిగాడట. అడిగితే తప్పేముంది, నేనైనా అడుగుతానంది మా ఆవిడ. ఎక్కడ అంటిందో తనకే తెలియడం లేదు. బస్సులో పట్టుకున్న కమ్మీకా, ల్యాబు తలుపుకా అని లెక్కలు కట్టి కట్టి అలసిపోయింది. చివరికి తేల్చుకుంది. సోమవారం ఉత్తరం ఇచ్చేస్తుంది. మిగిలిన ఆరు నెలలు ఆగకుండా ఇప్పుడే మానేస్తుంది. తను పక్కకు తప్పుకుంటే కొత్త మనిషి లెక్కలనైనా నమ్ముతారని.

 అప్పుడే చెప్పెయ్యాల్సింది. చల్లారిన టీ కప్పు తీసుకెళ్ళి కడిగాను. శుక్రవారం పొద్దున్నే షాపు తీసి గుండీల డబ్బా తెరిచాను. ఏదో ఒక అద్భుతం జరిగి ట్యూబు మీద ఇంకో పేరు ఉంటుందేమోనని చూశాను. అదే పేరు. తొడుగులు కుట్టిన వారమంతా నొప్పి ఎక్కువగా ఉండి మూడేసిసార్లు రాసుకున్న సంగతి గుర్తొచ్చింది. కుట్టు నడుస్తుండగా ప్రతిసారీ లేచి ఎవడు కడుక్కుంటాడు, ప్యాంటుకు తుడుచుకుని సూది పట్టాను. నా వేళ్ళ నుంచి గుడ్డకు, గుడ్డ నుంచి ఆవిడ గ్లౌజుకు, గ్లౌజు నుంచి సీసా మూతికి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాన్న ఊరికే అనేవాడు కాదు. ఆ రోజు ఒక పెళ్ళికొడుకు కోటుకు రెండు ఎడమ చేతులు కుట్టాను.

శనివారం ప్రయత్నించాను. "ఇదిగో, నీ తొడుగులున్నాయే" అని మొదలుపెట్టాను. వాటి గురించి మాట్లాడకండి, ఈ మొత్తం వ్యవహారంలో నాకు మిగిలిన సంతోషం అవే అంది. ఇంకేం చెప్పను? తేలు కుట్టిన దొంగలా షాపుకు బయలుదేరాను. ఆదివారం ఆవిడ ఉత్తరం రాసి, నూటికి నూరు మార్కులొచ్చే పిల్లలా అక్షరం అక్షరం చూసుకుని, నాకూ చూపించి, మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ ఉత్తరంలో నన్ను నేను వెతుక్కున్నాను. ఎక్కడా లేను. తప్పు పూర్తిగా నాదేనని రాసుకుంది.

సోమవారం పొద్దున ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే, నేను ట్యూబు తెచ్చి బల్లమీద పెట్టాను. అడుగు దాకా నొక్కి చుట్టచుట్టిన ట్యూబు.

"ఏమిటిది?"

"అదే. షాపులో దాచుకున్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాటింది."

చెప్పుల పట్టీ మీది చెయ్యి ఆగిపోయింది. "తొడుగులు కుట్టినప్పుడు?" అంది.

"రాసుకునే కుట్టాను."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని, చాలాసేపు ఆ ట్యూబును అటూ ఇటూ తిప్పింది. నాకు భయం పోయి కోపమొచ్చింది. తప్పు చేసినవాడికే కోపం ముందొస్తుంది కాబోలు. ఈ ఇంట్లో పదిహేనేళ్ళుగా నది ముందు, నేను తర్వాత అన్నాను. చేపకు నొప్పెడితే కాగితాలు రాస్తావు, నాకు నొప్పెడితే వేడినీళ్ళ సంచి ఇస్తావన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను కానీ, మాట దాటిపోయింది.

"నొప్పి ఇంత ఉందని ఒక్కసారి చెప్పి ఉంటే, నీళ్ళ రోజే మార్పించేదాన్ని కదండీ" అంది.

ఇన్నేళ్ళ కాపురంలో నన్ను అంత గట్టిగా కొట్టిన మాట ఇంకోటి లేదు. ఎందుకంటే నేను నిజంగానే చెప్పలేదు. అడిగినప్పుడల్లా తగ్గిందనే చెప్పాను.

ఆవిడ లేచింది. గ్లౌజులు వేసుకుని తొడుగులన్నీ శుభ్రమైన రేకు కాగితంలో చుట్టింది, మరెక్కడా అంటకుండా. ట్యూబును వేరే కవర్లో వేసింది. బయలుదేరండి అంది. నేను వెళ్ళాను. నాకు తెలిసిన పది నిమిషాల దారి ఆ రోజు పొలిమేరదాకా సాగింది.

ల్యాబు మేడమ్ నా మాటలు మొదటినుంచి చివరిదాకా వింది. మధ్యలో ఒకసారి మాత్రం, మీరే కుట్టారా బావగారూ, ఎంత నీటుగా కుట్టారని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక తొడుగును స్వచ్ఛమైన నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళను కొలిస్తే తెలుస్తుందంది. ఫలితం సాయంత్రానికి వస్తుంది, వెళ్ళి రండి అంటే మా ఆవిడ కదల్లేదు. ఇద్దరం వరండాలో బల్లమీద కూర్చున్నాం. సంచిలో ఉత్తరం అలాగే ఉంది.

మధ్యాహ్నం దాటాక అడిగింది, చేతులు ఎక్కడ కడుక్కునేవారని. షాపు వెనక సింకులో అన్నాను. ఆ సింకు నీళ్ళు ఎక్కడికి పోతాయంది. కాలువలోకి. ఆ కాలువ?  రాసుకున్న మందులో ఒంట్లోకి ఇంకేది కాస్తే, కడిగితే పోయేదే ఎక్కువని ఆవిడే చెప్పింది. ఏడాదిపాటు రోజుకు రెండుసార్లు. ఆవిడ కింది వంతెన దగ్గర ఐసులాంటి నీళ్ళలో నిలబడి సీసాల్లో పడుతున్న మందులో నాది కూడా ఉంది. ఆ మాట ఆవిడ అనలేదు, నాకే తోచింది.

సాయంత్రం మేడమ్ కాగితం పట్టుకుని వచ్చింది. తొడుగు నానిన నీళ్ళు యంత్రం కొలవగలిగిన గీతను కూడా దాటిపోయాయట. "సేకరణలో లోపం" కొట్టేసి, "తొడుగుల వల్ల, సేకరించినవారి తప్పు లేదు" అని రాసి, కింద సంతకం పెట్టి చూపించింది. తొడుగులు లేని పది నెలల సాక్షి సీసాలు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ఆ పది నెలల లెక్కా నిలుస్తుంది. ఈ మాటలన్నీ కమిటీకి కూడా రాస్తానంది. మా ఆవిడ సంచిలోంచి ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేసి, ముక్కలను నా చేతిలో పెట్టింది. చెత్తబుట్ట కోసం వెతుక్కుంటుంటే వెనకనుంచి ఏడుపు వినిపించింది. నేను వెంటనే తిరిగి చూడలేదు. నా కళ్ళ సంగతి నేను చూసుకోవాలి కదా.

ఇంటికొచ్చాక కొత్త చట్టం వచ్చింది. ఆయింట్‌మెంటు ఇంట్లోనే రాసుకోవచ్చు. దానికొక మూల, ఒక తువ్వాలు వేరే. నీళ్ళ రోజుకు మూడు రోజుల ముందు ఆపాలి. రాసుకున్న చేతులను ముందు ఒక గుడ్డముక్కతో గట్టిగా తుడిచి, ఆ ముక్కను చెత్తబుట్టలో వేశాకే నీళ్ళతో కడగాలి. గుడ్డముక్కలకు నా దగ్గర కరువా? తొడుగులు మళ్ళీ కుట్టమంది. నేను వద్దన్నాను. కుట్టమన్నానా లేదా అంది. వారం రోజులు మందు మానేసి, మెడ మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని, గ్లౌజులతో కుట్టాను. గ్లౌజులతో సూదిలో దారం ఎక్కించడం ఎంత నరకమో పగవాడికి కూడా వద్దు. వాటిలో ఒకదాన్ని ముందు ల్యాబుకు పంపి, అందులో ఏమీ లేదని తేలాకే వాడింది. ఆవిడ నమ్మింది నన్ను, కానీ కొలిచి నమ్మింది.

ఆ నెల సాక్షి సీసా ఫలితం కోసం ఎదురుచూసినంతగా నేను నా రక్తపరీక్ష కోసం కూడా ఎదురుచూడలేదు. ఏమీ లేదు. సాక్షి నోరు మూసుకుంది. డైక్లోఫెనాక్ లెక్క చూస్తే, పై వంతెన దగ్గర సున్నా పాయింట్ మూడు. కింది వంతెన దగ్గర ఒకటి పాయింట్ నాలుగు. నాకు నిరుత్సాహమేసింది. నేను బుద్ధిగా తుడుచుకుంటున్నాను కదా, తగ్గలేదేమన్నాను.

"తుడుచుకుంటున్నది మీరొక్కరే కదా" అంది.

తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను తీసేసుకుంటే మిగతా పిడికిళ్ళు ఎవరు తీస్తారు? అప్పటినుంచి నా షాపులో ప్యాంటు కుట్టించుకున్న ప్రతివాడికీ జేబులో మడిచిన గుడ్డముక్క ఒకటి పెట్టి ఇస్తున్నాను. ఇదేమిటంటే కథంతా చెబుతాను. సగం మంది నవ్వుతారు. నొప్పులున్నవాళ్ళు నవ్వరు, ఇంకో రెండు ముక్కలు ఇమ్మంటారు. రెండు నెలలకు కింది వంతెన అంకె ఒకటి పాయింట్ ఒకటికి దిగింది. నేను షాపు మూసి పరుగున ఇంటికొచ్చి తగ్గింది చూశావా అన్నాను. వానలు పడి నది నిండుగా ఉంది, అందుకు తగ్గింది, సంబరపడకండి అంది. వడపోత పెట్టాలని కమిటీ తీర్మానించింది కానీ, అది కట్టేసరికి మేమిద్దరం ఎలా ఉంటామో.

కిందటి నెల రెండో మంగళవారానికి నాలుగు రోజుల ముందు, కుట్టుమిషను మీదినుంచి లేవబోతే మెడ పట్టేసింది. తల తిప్పలేను, చెయ్యి ఎత్తలేను. ఇంటికొచ్చి మామూలుగానే కూర్చున్నాను. మర్నాటి నుంచి మందు ఆపాలి, ఆ లెక్క నాకు తెలుసు. ఆవిడ అన్నం వడ్డిస్తూ మెడ ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందనబోయి ఆగాను. బాగా లేదు, చాలా నొప్పిగా ఉందని చెప్పాను.

ఆవిడ గరిటె పక్కన పెట్టి ల్యాబుకు ఫోను చేసింది. ఈ నెల నీళ్ళ రోజు మంగళవారం కాదు, వచ్చే వారం గురువారమని చెప్పింది. అటువైపునుంచి మేడమ్ ఎందుకని అడిగినట్టుంది. "మా ఆయనకు మెడనొప్పి" అంది. తర్వాత నా చొక్కా పై గుండీ విప్పి, ట్యూబు మూత తీసి, తనే రాసింది.